జీర గొంతు, తుమ్మెద ఝుంకారం: యాంప్ డిస్టార్షనా, ఫజ్ పెడలా?

మన మ్యూజిక్ రూమ్‌లో ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. కొత్తగా ఎలక్ట్రిక్ గిటార్ కొన్న జూనియర్ ఎవరో ఒకరు వచ్చి, "అన్నా, నా దగ్గర ఒక్కదానికే డబ్బులున్నాయి. మంచి గరగర సౌండ్ కావాలి. డిస్టార్షన్ ఉన్న యాంప్ తీసుకోనా, ఫజ్ పెడల్ తీసుకోనా?" అని అడుగుతారు. పక్కనున్న నలుగురూ నాలుగు సమాధానాలు చెప్తారు. ఒకడు తనకిష్టమైన బ్యాండ్ పేరు చెప్తాడు, ఇంకొకడు "రెండూ ఒకటేరా" అంటాడు. పాపం ఆ జూనియర్ ఇంకా కన్‌ఫ్యూజ్ అయ్యి వెళ్ళిపోతాడు.

రెండూ ఒకటి కాదు. తేడా ఏంటో ఒకసారి అర్థమైతే, ఎవరికి వాళ్ళే నిర్ణయం తీసుకోవచ్చు. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బులో, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులో పెట్టి కొనే వస్తువు కాబట్టి, ఈ విషయం కొంచెం నిదానంగా చూద్దాం. ఇందులో కాస్త చరిత్ర ఉంది, కాస్త లెక్క ఉంది. ఫోరియర్ సిరీస్ చదివి పరీక్ష అయిపోగానే మర్చిపోయిన వాళ్ళకి దానితో ఒక ఉపయోగం కూడా ఉంది.

ముందు పేర్లు పెట్టుకుందాం

డిస్టార్షన్‌కి నిఘంటువులో "వక్రీకరణ" అని ఉంటుంది. పేపర్లో ఆ మాట కనిపిస్తే దాని ముందు "చరిత్ర" అనో "వాస్తవాల" అనో ఉంటుంది. గిటార్ దగ్గర ఆ మాట వాడితే మనం ఏదో తప్పు పని చేస్తున్నట్టు ఉంటుంది. అందుకే ఈ వ్యాసం వరకు నేను రెండు వేరే మాటలు వాడతాను.

యాంప్ డిస్టార్షన్‌ని "జీర" అంటాను. ఎక్కువసేపు అరిచినవాళ్ళ గొంతు జీరపోతుంది కదా. అయినా ఆ గొంతు ఎవరిదో మనకి తెలుస్తుంది. మెల్లగా మాట్లాడితే జీర తగ్గుతుంది, గట్టిగా మాట్లాడితే పెరుగుతుంది.

ఫజ్‌ని "ఝుంకారం" అంటాను. తుమ్మెద చేసే శబ్దం. అక్కడ గొంతు మారడం కాదు, మాట్లాడేదే వేరే జీవి. మనం తీగని ఎలా మీటినా బయటికి వచ్చేది దాదాపు అదే నిండైన రొద.

ఈ రెండు మాటలు గుర్తుంటే మిగతాదంతా వాటికి వివరణే.

క్లిప్పింగ్ అంటే ఏంటి

గిటార్ తీగ కదిలితే పికప్‌లో చిన్న వోల్టేజ్ పుడుతుంది. అది పైకీ కిందకీ ఊగే తరంగం. యాంప్లిఫయర్ పని దాన్ని పెద్దది చేయడం. అయితే ఏ సర్క్యూట్‌కైనా ఒక పరిమితి ఉంటుంది. దానికున్న పవర్ సప్లై కంటే పెద్ద వోల్టేజ్ అది ఇవ్వలేదు. తరంగం ఆ హద్దు దాటబోతే పైభాగం తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

తక్కువ ఎత్తు గుమ్మం ఉన్న పాత ఇల్లు ఊహించుకోండి. పొడుగు మనిషి గుమ్మం దగ్గరికి వచ్చేకొద్దీ తల వంచుతూ లోపలికి వెళ్తే అది సాఫ్ట్ క్లిప్పింగ్. వంచకుండా నేరుగా వెళ్ళి తల కొట్టుకుంటే హార్డ్ క్లిప్పింగ్. జీర మొదటి రకానికి దగ్గర, ఝుంకారం రెండో రకానికి దగ్గర.

తరంగం పైభాగం చదును అయితే మనకి కొత్త స్వరాలు ఎందుకు వినిపిస్తాయి? ఇక్కడే ఫోరియర్ గారు వస్తారు. సైన్ వేవ్‌ని పైనా కిందా సమానంగా పూర్తిగా కోసేస్తే స్క్వేర్ వేవ్ వస్తుంది. స్క్వేర్ వేవ్‌లో బేసి హార్మోనిక్స్ మాత్రమే ఉంటాయని, వాటి బలం 1, 1/3, 1/5, 1/7 అలా తగ్గుతుందని మనందరం మ్యాథ్స్‌లో రాసినదే. గిటార్ ఐదో తీగ 110 హెర్ట్జ్. ఆ 110ని స్క్వేర్ చేస్తే దానితోపాటు 330, 550, 770 కూడా వినిపిస్తాయి. పైన ఒకలా కింద ఒకలా, అంటే అసమానంగా కోస్తే 220, 440 లాంటి సరి హార్మోనిక్స్ కూడా కలుస్తాయి. 220 అంటే పై స్థాయిలో అదే స్వరం కాబట్టి చెవికి నిండుగా ఉంటుంది.

అంటే ఎంత కోశాం, ఎంత మెల్లగా కోశాం, రెండు వైపులా సమానంగా కోశామా లేదా అన్న మూడు ప్రశ్నలకి వచ్చే సమాధానాల్లోనే మార్కెట్‌లో ఉన్న ఇన్ని పెట్టెల తేడా చాలావరకు ఉంది.

చినిగిన స్పీకర్ల కాలం

నేను సెలవులకి ఇంటికి వెళ్ళి ఫజ్ ఉన్న పాట పెడితే మా అమ్మ వంటింట్లోంచి "ఆ స్పీకర్ చినిగినట్టుంది, ఆపేయ్" అంటుంది. చరిత్ర ప్రకారం మా అమ్మ చెప్పింది నిజం. ఈ సౌండ్ మొదలైంది చినిగిన స్పీకర్ల నుంచే.

1951లో మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ స్టూడియోలో "రాకెట్ 88" రికార్డ్ చేశారు. గిటారిస్ట్ విల్లీ కిజార్ట్ యాంప్ దారిలో దెబ్బతింది. స్పీకర్ కోన్‌లో కాగితం కుక్కి అలాగే వాయించాడని చెప్తారు. 1964లో లండన్‌లో కింక్స్ బ్యాండ్ గిటారిస్ట్ డేవ్ డేవిస్ అయితే కావాలనే చిన్న యాంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో కోశాడు. "యూ రియల్లీ గాట్ మీ" పాటలో వినిపించేది ఆ కోసిన స్పీకరే.

కానీ ప్రతి పాటకీ స్పీకర్ చింపుకోలేం కదా. దీనికి రెండు దారులు దొరికాయి. విచిత్రం ఏంటంటే రెండింటికీ 1962 ముఖ్యమైన సంవత్సరమే.

మొదటి దారి: లండన్

లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే ఆయనకి డ్రమ్స్ షాపు ఉండేది. షాపుకి వచ్చే గిటారిస్టులకి ఇంకా గట్టిగా వినిపించే యాంప్ కావాలి. 1962లో ఆయన టీమ్ అమెరికన్ ఫెండర్ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌ని ఆధారంగా తీసుకుని సొంత యాంప్ తయారుచేసింది. అదే జేటీఎమ్ 45. బాస్‌మన్ అసలు బాస్ గిటార్ శుభ్రంగా వినిపించడానికి చేసిన యాంప్. మార్షల్ కూడా శబ్దం పెంచడానికే చేశారు, విరగ్గొట్టడానికి కాదు. కానీ కుర్రాళ్ళు వాల్యూమ్‌ని చివరిదాకా తిప్పారు. 1966లో జాన్ మేయాల్ బ్లూస్‌బ్రేకర్స్ ఆల్బమ్‌లో ఎరిక్ క్లాప్టన్ స్టూడియోలోనే మార్షల్‌ని స్టేజ్ మీద పెట్టినంత గట్టిగా పెట్టి వాయించాడు. ఆ జీర తర్వాత రాక్ గిటార్‌కి కొలబద్ద అయింది.

ఆ యాంపుల్లో ఉండేవి వాల్వ్‌లు. తాతయ్యల కాలం వాల్వ్ రేడియోలో వెలిగేవే. చిన్న వాల్వ్‌లు, ఎక్కువగా 12ఏఎక్స్7 రకం, ముందు దశల్లో సిగ్నల్‌ని పెంచుతాయి. ఈఎల్34, 6ఎల్6 లాంటి పెద్దవి చివర్లో స్పీకర్‌ని నడుపుతాయి. వాల్వ్ హద్దుకి దగ్గరయ్యేకొద్దీ మెల్లగా వంగుతుంది. మొదటి దశ కొంచెం కోస్తుంది, రెండోది ఇంకొంచెం, పవర్ వాల్వ్‌లు మరికొంచెం. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, చివర్లో స్పీకర్ కూడా తమ వంతు చేస్తాయి. ఒక్క చోట పెద్ద దెబ్బ పడదు, చాలా చోట్ల చిన్న చిన్న మొట్టికాయలు పడతాయి. అందుకే మీటు మెల్లగా ఉంటే సౌండ్ శుభ్రంగా, గట్టిగా ఉంటే జీరగా వస్తుంది. ఏసీ/డీసీ బ్యాండ్ 1980 ఆల్బమ్ "బ్యాక్ ఇన్ బ్లాక్" వినండి. మనం అనుకునేంత గెయిన్ అందులో లేదు. కార్డ్‌లో ఒక్కో తీగా విడిగా తెలుస్తుంది.

రెండో దారి: నాష్‌విల్

నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట "డోంట్ వర్రీ" రికార్డింగ్ జరుగుతుండగా గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బాస్ మిక్సింగ్ కన్సోల్‌లో పాడైన ఛానెల్ గుండా వెళ్ళింది. బయటికి ఝుంకారం వచ్చింది. తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో పాట పెద్ద హిట్ అయింది. ఇంజినీర్ గ్లెన్ స్నాడీ ఆ పాడైన శబ్దాన్ని కావాలన్నప్పుడు తెప్పించడానికి రెవిస్ హాబ్స్‌తో కలిసి ట్రాన్సిస్టర్లతో ఒక సర్క్యూట్ గీశాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో "మాస్ట్రో ఫజ్-టోన్" పేరుతో కాలితో నొక్కే పెట్టెగా అమ్మింది.

నాకు ఇందులో బాగా నచ్చే విషయం ఒకటుంది. కంపెనీ ఆ పెట్టెని గిటార్ సౌండ్ మెరుగుపరిచే వస్తువుగా ప్రచారం చేయలేదు. దీంతో గిటార్‌ని ట్రంపెట్‌లా, ట్రాంబోన్‌లా, చెల్లోలా వినిపించవచ్చని చెప్పింది. అంటే తయారుచేసిన వాళ్ళకే తెలుసు, ఇది గొంతుని మార్చే పెట్టె కాదు, వేరే జీవిని తెచ్చే పెట్టె అని. 1965లో రోలింగ్ స్టోన్స్ "శాటిస్‌ఫాక్షన్" పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడింది కూడా అలాగే. ఆ చోట బూర వాయిద్యాలు రావాలని అతని ఆలోచన. ఫజ్ వాటికి గుర్తుగా పెట్టిన నమూనా మాత్రమే. ఆ నమూనాయే పాట అయిపోయింది. అదే సంవత్సరం ఓటిస్ రెడ్డింగ్ ఆ పాటని నిజంగానే బూరలతో పాడాడు. రెండూ పక్కపక్కన వినండి, ఫజ్ ఏ పని కోసం పుట్టిందో తెలిసిపోతుంది.

తర్వాత 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ గుండ్రటి "ఫజ్ ఫేస్" తెచ్చింది. మైక్ స్టాండ్ అడుగు భాగం చూసి ఆ ఆకారం పెట్టారు. లోపల రెండే ట్రాన్సిస్టర్లు. జిమీ హెండ్రిక్స్ వాడింది ఇదే. న్యూయార్క్ కంపెనీ ఎలక్ట్రో-హార్మోనిక్స్ 1960ల చివర్లో తెచ్చిన "బిగ్ మఫ్"లో నాలుగు ట్రాన్సిస్టర్లు, వరసగా రెండు చోట్ల డయోడ్లతో కోత ఉంటాయి. కోసిందాన్ని మళ్ళీ కోయడం వల్ల స్వరం చాలాసేపు సాగుతుంది.

రెండు అంకెలతో తేడా

ఇది నేను లాప్‌టాప్‌లో చేసి చూశాను, మీరూ చేయవచ్చు. పైథాన్‌లో నంపై లైబ్రరీ, అందులో టాన్‌హెచ్ ఫంక్షన్. అది గుమ్మం దగ్గర తల వంచే మనిషికి లెక్కలో ఉన్న రూపం. ఇన్‌పుట్‌ని ముందు ఒక గెయిన్‌తో గుణించి టాన్‌హెచ్‌లో వేయండి.

గెయిన్ 3 అనుకుందాం, ఇది ఒక మోస్తరు యాంప్. మెల్లగా మీటితే పీక్ 0.1, గట్టిగా మీటితే 1. బయటికి వచ్చేవి 0.29, 0.995. లోపల పది రెట్ల తేడా, బయట మూడున్నర రెట్ల తేడా. తగ్గింది, కానీ మెల్లగా మీటారో గట్టిగా మీటారో వినేవాళ్ళకి ఇంకా తెలుస్తుంది.

ఇప్పుడు గెయిన్ 50, ఇది ఫజ్. 0.1కి 0.9999 వస్తుంది, 1కి 1 వస్తుంది. తేడా మాయం. మీ చేతిలో ఎంత సున్నితత్వం ఉన్నా ఆ పెట్టె దాటి బయటికి రాలేదు.

ఇంకొక అంకె కూడా చూడండి. మన గదుల్లో ట్యూబ్‌లైటు, ఫ్యాన్ రెగ్యులేటర్, లాప్‌టాప్ చార్జర్ అన్నీ పికప్‌లోకి కొంచెం హమ్ పంపుతాయి. అది 0.001 అనుకుందాం. గెయిన్ 3 దగ్గర అది 0.003 అవుతుంది, ఎవరికీ వినపడదు. గెయిన్ 50 దగ్గర 0.05 అవుతుంది. అంటే పూర్తి శబ్దంలో ఇరవయ్యో వంతు. ఫజ్ ఆన్ చేసి చేతులు తీస్తే వచ్చే బుస్స్ ఇదే. పెడల్ పాడైపోయిందని షాపువాడితో గొడవకి వెళ్ళేముందు ఈ లెక్క గుర్తుచేసుకోండి.

అసలైన ఫజ్ సర్క్యూట్ టాన్‌హెచ్ అంత సింపుల్‌గా ఉండదు. అయినా ఏది ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి ఇది చాలు.

కార్డ్‌లు ఎందుకు బురదవుతాయి

ఒక్క స్వరానికి కొత్త హార్మోనిక్స్ వస్తే బాగానే ఉంటుంది. రెండు మూడు స్వరాలు కలిపి కోస్తే ఇంకొక సంగతి జరుగుతుంది. వాటి కూడికలు, తీసివేతల దగ్గర కూడా కొత్త స్వరాలు పుడతాయి. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు.

పవర్ కార్డ్ తీసుకోండి: 110, 164.8. మొదటిదాన్ని రెండుతో గుణించి రెండోది తీసేస్తే 55.2. అది 110కి కింది స్థాయి స్వరానికి దాదాపు సమానం. అంటే డిస్టార్షన్ మనకి ఉచితంగా ఒక బాస్ స్వరం ఇస్తోంది. పవర్ కార్డ్ అంత బరువుగా వినిపించడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మధ్యలో మేజర్ థర్డ్ కలపండి: 110, 138.6, 164.8. 138.6ని రెండుతో గుణించి 164.8 తీసేస్తే 112.4. ఇది 110 పక్కనే కూర్చుని సెకనుకి రెండు మూడుసార్లు దానితో తగువు పడుతుంది. అలాగే 138.6ని రెండుతో గుణించి 110 తీసేస్తే 167.2. ఇది 164.8తో తగువు పడుతుంది. ఇలాంటివి ఇంకా ఎన్నో. తక్కువ గెయిన్‌లో ఇవి చిన్నగా ఉండి సౌండ్‌కి కాస్త కదలిక ఇస్తాయి. ఫజ్‌లో అసలు స్వరాలకి పోటీగా లేస్తాయి. అదే బురద.

తప్పు ఎవరిది? మన ఫ్రెట్లది. అసలు 5/4 నిష్పత్తి ప్రకారం థర్డ్ 137.5 ఉండాలి. ఫ్రెట్లు అన్ని శ్రుతులకీ పనికొచ్చేలా సర్దడం వల్ల అది ఒక హెర్ట్జ్ పైచిలుకు ఎక్కువ ఉంటుంది. శుభ్రమైన సౌండ్‌లో ఎవరూ పట్టించుకోరు. ఫజ్ మాత్రం పట్టి చూపిస్తుంది.

మన సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. తంబురాలో తీగలు షడ్జమ పంచమాలకే శ్రుతి చేస్తారు, అయినా లోపలినుంచి గాంధారం వినిపిస్తుంది. స్వయంభూ గాంధారం అంటారు. అది ఐదో హార్మోనిక్, అదే 5/4 నిష్పత్తి. అది బాగా వినపడటానికి బ్రిడ్జి మీద తీగ కింద నూలు పోగు పెట్టి జరుపుతారు. ఆ పోగు దగ్గర తీగ తాకీ తాకకుండా జుమ్మంటుంది, పై హార్మోనిక్స్ బలపడతాయి. సర్క్యూట్ లేదు, కరెంటు లేదు. శుభ్రమైన తీగకి కొంచెం గరగర కలిపితే ప్రాణం వస్తుందని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు.

ఫజ్ తర్వాత ఏముంది అన్నదే అసలు ప్రశ్న

ఎక్కువమంది వదిలేసే విషయం ఇది. యాంప్‌కి ఫజ్ ప్రత్యామ్నాయం కాదు. ఫజ్‌కి ముందు గిటార్ కావాలి, వెనక యాంప్ కావాలి.

గిటార్ స్పీకర్ మన ఇంట్లో మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్ లాంటిది కాదు. సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక దాని శబ్దం గట్టిగా పడిపోతుంది. ఫజ్ పుట్టించే పై హార్మోనిక్స్‌లో పదునైన భాగాన్ని అదే వడగడుతుంది. ఫజ్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కో, స్టేజ్ మిక్సర్‌కో పెడితే ఆ వడపోత ఉండదు. తుమ్మెద కాస్తా రేకు డబ్బాలో పడిన కందిరీగ అవుతుంది. "ఈ పెడల్ బాలేదు" అని అమ్మేసుకునేవాళ్ళలో చాలామందికి పెడల్ బాగానే ఉంటుంది, వెనక స్పీకర్ లేదంతే. నిజం యాంప్ లేకపోతే కనీసం స్పీకర్ క్యాబినెట్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్ అయినా ఉండాలి.

యాంప్ ఎలా ఉందన్నది కూడా ముఖ్యమే. పూర్తి క్లీన్ యాంప్‌లోకి ఫజ్ పంపితే దాని అంచులన్నీ అలాగే వినిపిస్తాయి. అప్పటికే కొంచెం జీరగా ఉన్న యాంప్‌లోకి పంపితే ఆ అంచులు గుండ్రమవుతాయి. హెండ్రిక్స్ ఫజ్ ఫేస్ వెనక గట్టిగా పెట్టిన మార్షల్ ఉండేది. ఇంకోవైపు పింక్ ఫ్లాయిడ్ "కంఫర్టబ్లీ నంబ్" సోలోలో డేవిడ్ గిల్మోర్ బిగ్ మఫ్ వాడాడు. ఆయన వెనక ఉండేది చాలా వాల్యూమ్ వరకు శుభ్రంగా ఉండే హైవాట్ యాంప్.

ఫజ్ ఫేస్ రకం పెడల్స్‌కి ఇంకో మూడు పేచీలు ఉన్నాయి:

- గిటార్ తర్వాత మొదట అదే ఉండాలి. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ కాబట్టి నేరుగా పికప్‌తో ముడిపడి పనిచేస్తుంది. అలా ఉంటే గిటార్ వాల్యూమ్ కొంచెం తగ్గించగానే సౌండ్ అందంగా శుభ్రపడుతుంది. ఫజ్‌లో చేతికి మిగిలే అదుపు ఇదే. మధ్యలో బఫర్ ఉన్న పెడలో, వైర్‌లెస్సో పెడితే ఆ సంబంధం తెగిపోతుంది.
- పాత తరహా జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వేడికి మారిపోతాయి. వేడెక్కేకొద్దీ లీకేజ్ కరెంటు పెరిగి సౌండ్ తేడా వస్తుంది. మన రోహిణి కార్తెలో ఓపెన్ స్టేజ్ మీద వాయించాలంటే సిలికాన్ రకమే నయం. అది కాస్త పదునుగా ఉంటుంది, కానీ నిలకడగా ఉంటుంది.
- పాత పద్ధతి జెర్మేనియం ఫజ్‌లలో చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కి తగిలిస్తే షార్ట్ అవుతుంది. వాటికి విడి బ్యాటరీ పెట్టాలి.

హాస్టల్ గదిలో పరిస్థితి

ఇక్కడిదాకా చదివితే "అయితే వాల్వ్ యాంప్ కొనేయాలి" అనిపిస్తుంది. కానీ పవర్ వాల్వ్‌ల జీర రావాలంటే వాల్యూమ్ బాగా పెంచాలి. హాస్టల్‌లో అలా పెంచితే వార్డెన్ కంటే ముందు పక్క గది సీనియర్ వస్తాడు. చిన్న శబ్దానికే ముందు దశల్లో జీర ఇచ్చే మాస్టర్ వాల్యూమ్ యాంపులు ఉన్నాయి, అవి కొంత నయం. మనలాంటివాళ్ళకి ఇంకా దగ్గరి దారి సాఫ్ట్‌వేర్. ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్, యాంప్ ప్లగిన్. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది. నిజం యాంప్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ రికార్డింగ్‌లతో న్యూరల్ నెట్‌వర్క్‌ని ట్రెయిన్ చేస్తుంది. కోడ్ చదవొచ్చు. మన బ్రాంచ్ వాళ్ళకి ఇది మంచి మినీ ప్రాజెక్ట్ కూడా.

సొంతంగా కోడ్ రాసేవాళ్ళకి ఒక హెచ్చరిక. 44,100 శాంపుల్ రేటు దగ్గర 22,050 హెర్ట్జ్ దాటిన హార్మోనిక్స్ పోవు, మడతపడి వెనక్కి వస్తాయి. 1,000 హెర్ట్జ్ స్వరాన్ని హార్డ్ క్లిప్ చేస్తే 43వ హార్మోనిక్ 43,000 దగ్గర పుట్టాలి. అది 1,100 దగ్గర తేలుతుంది. 45వది 900 దగ్గర. ఈ రెండూ ఆ స్వరానికి ఏమాత్రం సంబంధం లేనివి. అందుకే క్లిప్ చేసేముందు శాంపుల్ రేటు నాలుగు, ఎనిమిది రెట్లు పెంచి, ఫిల్టర్ చేసి, తర్వాత తగ్గిస్తారు. జీర కంటే ఝుంకారాన్ని కోడ్‌లో చేయడం కష్టం కావడానికి ఇదొక కారణం, ఎందుకంటే కోత పదునెక్కేకొద్దీ పై హార్మోనిక్స్ పెరుగుతాయి.

ఇక నిర్ణయం

ఒక్కటే కొనగలిగితే ముందు జీర తీసుకోండి. అది నిజం యాంప్ కావచ్చు, సాఫ్ట్‌వేర్ యాంప్ కావచ్చు. కారణం సౌండ్ ఒక్కటే కాదు. మొదటి రెండేళ్ళు మన కుడిచేయి నేర్చుకునే కాలం. ఏ మీటుకి ఏ శబ్దం వస్తుందో తిరిగి చెప్పే పరికరం ఉంటేనే చేయి నేర్చుకుంటుంది. పైన చూసిన అంకెల్లో 0.1కీ 1కీ తేడా చూపించని పెట్టె మీద ప్రాక్టీస్ చేస్తే, మన మీటు మెరుగుపడిందో లేదో మనకే తెలియదు. పైగా ఎప్పుడు ఫజ్ కొన్నా దాని వెనక అదే యాంప్ కావాలి కాబట్టి ఆ డబ్బు వృథా పోదు.

ముందే ఫజ్ కొనదగినవాళ్ళు కూడా ఉన్నారు. మీ దగ్గర ఇప్పటికే ఒక క్లీన్ యాంప్ ఉండి, మీరు వాయించేది ఎక్కువగా ఒక్కో స్వరం లైన్లు, పవర్ కార్డ్‌లు అయితే, ఒక్క పెట్టెతో మొత్తం మారిపోవాలి అనుకుంటే ఫజ్ తీసుకోండి. ఫజ్‌తో పెద్ద కార్డ్‌లు అసలు కుదరవని కూడా కాదు. స్మాషింగ్ పంప్‌కిన్స్ 1993 ఆల్బమ్ "సయామీస్ డ్రీమ్" అంతా బిగ్ మఫ్ గోడలే. అక్కడ కార్డ్ ఆకారాలు ఎంచుకుని, పొరలు పొరలుగా రికార్డ్ చేసి ఆ బురదనే నదిలా పారించారు.

"మధ్యలో ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ పెడల్స్ ఉన్నాయి కదా" అని అడుగుతారు. ఉన్నాయి. ట్యూబ్ స్క్రీమర్, 1978లో వచ్చిన బాస్ డీఎస్-1 లాంటివి పెట్టెలో జీరని తెచ్చే ప్రయత్నాలే. ట్యూబ్ స్క్రీమర్ వాల్వ్ యాంప్ వంపుని డయోడ్లతో అనుకరిస్తుంది. డీఎస్-1 కోత ఇంకా గట్టిది. క్లీన్ యాంప్ ఉన్నవాళ్ళకి ఇవి తక్కువ ఖర్చులో మంచి దారి.

షాపుకి వెళ్ళినప్పుడు ఏది ఇచ్చినా ఈ నాలుగు పనులు చేయండి:

1. ఒకే స్వరాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడుసార్లు మీటండి. మూడూ వేరుగా వినపడితే జీర, ఒకేలా ఉంటే ఝుంకారం.
2. పవర్ కార్డ్ వాయించి, తర్వాత పూర్తి మేజర్ కార్డ్ వాయించండి. మధ్య స్వరం వినపడుతోందా చూడండి.
3. గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించండి. సౌండ్ శుభ్రపడిందా, లేక ఊరికే చిన్నదయిందా?
4. తీగల మీద చేయి పెట్టి ఆపండి. మిగిలిన హమ్‌తో మీరు మీ గదిలో బతకగలరా?

షాపులో అందరూ చూస్తున్నారని సోలో వాయించడం మొదలుపెట్టకండి. ఈ నాలుగింటికీ ఐదు నిమిషాలు చాలు. సమాధానాలు ఫోన్‌లో రాసుకుని బయటికి రండి, ఒక రోజు ఆగండి, తర్వాత డబ్బు కట్టండి. ఏదైనా సందేహం ఉంటే మ్యూజిక్ రూమ్‌కి మీ గిటార్ తీసుకురండి. అక్కడ క్లీన్ యాంప్ ఉంది, ఒక సీనియర్ బిగ్ మఫ్ కూడా ఉంటుంది. రెండూ కలిపి, విడగొట్టి వినేదాకా ఎవరి మాటా నమ్మకండి, నాది కూడా.